తాళం తిరగకపోతే నగలు పోయినట్టు కాదు

(సూరత్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాను కాబట్టి ఏదైనా పనికొచ్చే మాట చెప్పమన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అంతకన్నా పనికొచ్చేది నా దగ్గర లేదు.

మనం బదిలీల మీద సూరత్ వచ్చాం. మనకంటే ఎంతో ముందే తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు పొట్ట చేతబట్టుకుని ఇక్కడి పవర్‌లూమ్‌లకు వచ్చాయి. లింబాయత్, ఉధ్నా వైపు తెలుగు వినబడని వీధి తక్కువ. వాళ్ల పిల్లల కోసం మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అలాంటి కుటుంబాల్లో చాలామందికి పొదుపు ఖాతాతో పాటు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంటుంది. ఏడాదికి 436 రూపాయలు ఖాతాలోంచి వెళ్తాయి. మనిషి పోతే నామినీకి 2 లక్షలు వస్తాయి.

మగ్గం నడిపే మనిషి పోయాక ఆ కుటుంబం తరచుగా సొంతూరికి వెళ్లిపోతుంది. కాగితాలు ఇక్కడ, మనుషులు అక్కడ. వాళ్లను వెతికి పట్టుకోవడానికి మా ఆఫీసులో చిన్న రిజిస్టరు లాంటి ప్రోగ్రాం ఉండేది. ఖాతాలన్నీ కేంద్ర సర్వర్‌లో ఉంటాయి, వాటికి దీనితో సంబంధం లేదు. ఇది క్లెయిములు ఎంతవరకు వచ్చాయి, ఎవరికి ఫోన్ చేయాలి అని రాసుకునే డేటాబేస్. మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్ మీద నడిచేది. పిల్లలూ, అందులో ‘మై’ అంటే ‘నాది’ అని కాదు, దాన్ని తయారుచేసిన మైకేల్ విడెనియస్ గారి కూతురి పేరు.

రెండేళ్ల కిందట మే నెల. 31వ తేదీతో బీమా ఏడాది ముగుస్తుంది కాబట్టి అందరం హడావిడిలో ఉన్నాం. డిస్కు నిండిపోయిందని ఆ రాత్రి నేను డేటా ఫోల్డరును కొత్త డిస్కులోకి కాపీ చేసి, పాతది చెరిపేసి ఇంటికి వెళ్లాను. పొద్దున డేటాబేస్ లేవలేదు. లాగ్ తెరిస్తే మొదటి వాక్యం: ‘ఫైలు దొరకలేదు.’ రెండో వాక్యం ఇంకా ఘోరం: ‘టేబుల్ తెరవలేకపోతున్నాను, అప్‌గ్రేడ్ నడిపి దాన్ని సృష్టించండి.’

నా కాళ్లలో వణుకు పుట్టింది. వారం కిందటి బ్యాకప్ ఉంది. కానీ ముందురోజే ఒకావిడ తమ్ముడు వచ్చి, ఆమె పిల్లలతో సిరిసిల్ల వెళ్లిపోయిందని చెప్పి కొత్త ఫోన్ నంబరు ఇచ్చాడు. అది ఈ డేటాబేస్‌లో తప్ప ఎక్కడా లేదు.

విచిత్రం ఏమిటంటే, ‘దొరకలేదు’ అన్న ఫైలు నేను చూస్తే ఎదురుగానే ఉంది. పక్క సీటు మిత్రుడు, ‘మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేద్దాం’ అన్నాడు. నేనూ సరే అనబోయాను. చేసి ఉంటే ఖాళీ డేటాబేస్ చక్కగా లేచేది, నంబరు మాత్రం పోయేది.

ఎందుకో మనసొప్పక, రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్న మా పాత సార్‌కి ఫోన్ చేశాను.

‘ఆ వాక్యం చివర బ్రాకెట్లలో అంకె ఉంటుంది, ఎంత?’ అన్నారు.

‘13 సార్.’

‘2 అయితే ఫైలు లేదని అర్థం. 13 అంటే అనుమతి లేదని. రాత్రి ఎవరి పేరు మీద కాపీ చేశావు బాబూ?’

‘రూట్ సార్.’

ఆయన నవ్వారు. నాకప్పుడు అర్థమైంది.

ఇంట్లోవాళ్లకు లాకరు పోలికతో చెబుతాను. లాకరుకు రెండు తాళాలు. మీ తాళం ఒక్కటే పెట్టి తిప్పితే తెరుచుకోదు. అంతమాత్రాన నగలు పోయాయని ఏడుస్తామా? కంప్యూటర్‌లో రూట్ అంటే అన్ని తాళాలూ ఉన్న యజమాని. డేటాబేస్‌ను భద్రత కోసం ఆ పేరు మీద నడపరు, తక్కువ అధికారాలున్న వేరే యూజర్ మీద నడుపుతారు. నేను రూట్‌గా కాపీ చేసేసరికి ఫైళ్లన్నీ రూట్ సొత్తయ్యాయి. నేను చూసినప్పుడు కనబడ్డాయి, ఎందుకంటే చూసిందీ రూట్‌గానే. డేటాబేస్ తన యూజర్‌గా వెళ్తే తలుపు మూసి ఉంది. పాపం, లోపలికి వెళ్లలేనిది ‘దొరకలేదు’ అంది. అదే లాగ్‌లో కాస్త కిందికి వెళితే ‘ప్రవేశ హక్కులు లేవు’ అని సూటిగానే రాసి ఉంది. భయంతో నేను రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాను.

ఫైళ్ల యజమానిని మార్చాను. మళ్లీ 13! మళ్లీ సార్‌కే ఫోన్. ‘ఇల్లు మారావు కదా, గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పావా?’ అన్నారు. లైనక్స్‌లో యాప్‌ఆర్మర్ అనే కాపలాదారు ఉంటాడు. ఏ ప్రోగ్రాం ఏ ఫోల్డరులోకి వెళ్లవచ్చో అతని జాబితాలో ఉండాలి. కొత్త డిస్కు దారి అందులో చేర్చాక డేటాబేస్ లేచింది. ఒక్క వరస కూడా పోలేదు. సిరిసిల్ల నంబరుకు ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాం. మిగిలిన కాగితాలు అందాక క్లెయిము పూర్తయింది.

కంప్యూటర్లు నేర్చుకుంటున్న మన పిల్లలకు, ఆ పని చేస్తున్న తమ్ముళ్లకు మూడు మాటలు.

ఒకటి, ‘లేదు’ అని స్క్రీన్ చెబితే, ఎవరికి లేదో అడగండి. డేటాబేస్ ఏ యూజర్ మీద నడుస్తుందో ఆ యూజర్‌గానే వెళ్లి ఫైలు తెరిచి చూడండి. దారిలోని ప్రతి ఫోల్డరులోకీ అతనికి ప్రవేశం ఉండాలి.

రెండు, లాగ్ చివరిదాకా చదవండి, అంకెలతో సహా. కొత్త వెర్షన్లలో 13 పక్కన ‘అనుమతి నిరాకరణ’ అని మాటల్లోనూ వస్తుంది.

మూడు, విసుగొచ్చి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయకండి. ఎవరైనా రాయగలిగేలా వదిలేసిన సెట్టింగుల ఫైలును మైఎస్‌క్యూఎల్ పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ అయితే తన డేటా ఫోల్డరు అందరికీ తెరిచి ఉంటే అసలు లేవనే లేవదు. తలుపు బిగుసుకుందని గోడ పడగొట్టకూడదు కదా.

ఇక పాతదాన్ని చెరిపేసే ముందు కొత్తది లేచిందో లేదో చూడాలన్న సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. అది నాకు చెప్పుకోవాల్సిన మాట. ఇప్పుడు నా టేబుల్ మీద కాగితంపై రాసి అంటించుకున్నాను.

భోజనాలు చల్లారుతున్నాయి.