తోట బంగళా - తోట



పిల్లలకు సెలవులు ఇవ్వగానే బంధువులంతా ఒకచోట చేరి నాలుగు రోజులు గడపాలనుకోవడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు అందుకు అమ్మమ్మగారి ఊరు ఉండేది. ఇరవై మంది వచ్చినా వసారాలో, మిద్దె మీద చాపలు పరిస్తే సరిపోయేది. ఇప్పుడు అలాంటి ఇళ్ళు చాలా వాటికి తాళాలు పడ్డాయి. అందుకే బెంగళూరులో స్థిరపడిన మనవాళ్ళు తలా ఇంత వేసుకుని, దేవనహళ్ళి, నంది, చిక్కబళ్ళాపురం వైపు ఒక తోట బంగళాను రెండు రోజులకు అద్దెకు తీసుకుంటున్నారు. నాలుగైదు పడకగదులు, వంటమనిషి, ముందు పచ్చిక, పక్కన ఈతకొలను. ఈ బంగళాల గురించి, వాటి పక్కనే ఉన్న మన పొలాల గురించి ఈ రోజు నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ ప్రాంతంలో విడిది ఇళ్ళు పాతవే. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ మీద టిప్పు సుల్తాను వేసవి మందిరం ఉంది. 1834 నుంచి 1861 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ కూడా అక్కడే బంగళా కట్టుకున్నాడు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ ఇల్లు కట్టుకుంటే, చివరికి ఆ కొండకే ఆయన పేరు వచ్చింది. అయితే అవన్నీ కొండ మీది ఇళ్ళు, ఒకరిద్దరు అధికారుల కోసం కట్టినవి. ఇప్పటి బంగళాలు కొండ కింద, సాగు భూముల్లో లేస్తున్నాయి. 2008 మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయం మొదలయ్యాక ఆ దారిలో భూముల ధరలు పెరిగాయి. రైతులు కానివారు సాగుభూమి కొనకుండా ఉన్న ఆంక్షలను కర్ణాటక ప్రభుత్వం 2020లో తొలగించింది.

ఇలాంటి బంగళాలకు పేరుపడ్డ దేశం ఇటలీ. అక్కడ టస్కనీ అనే ప్రాంతంలో రైతులు కోరుకు సాగు చేసేవారు. పంటలో సుమారు సగం భూస్వామికి పోయేది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాళ్ళు పట్నాలకు, ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. కొత్తగా అలాంటి ఒప్పందాలు చేసుకోకూడదని 1964లో చట్టం వచ్చింది. ఖాళీ అయిన రాతి ఇళ్ళను ఎందరో కొని, బాగుచేసి, పెద్ద కుటుంబాలు దిగే విలాస గృహాలుగా మార్చారు. వ్యవసాయం చేసేవారికీ ఇందులో ఆదాయం దక్కాలని 1985లో అక్కడ మరో చట్టం చేశారు. దాని స్థానంలో 2006లో ఇంకొకటి వచ్చింది. రెండింటిలోనూ ముఖ్యమైన షరతు ఒకటే. అతిథులను పెట్టుకునేది రైతే అయి ఉండాలి, సేద్యమే ప్రధానంగా సాగాలి. అక్కడి విలాస గృహాలన్నీ ఈ చట్టం కిందికి రావు. కానీ రైతు ఇల్లు అని చెప్పుకోవాలంటే సేద్యం ఉండి తీరాలి.

మన దగ్గర తోట బంగళా అన్న పేరే గాని తోట ఎక్కడ? ఇది మాటల పట్టింపు కాదు, నీళ్ళ లెక్క. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉన్న చిన్న ఈతకొలను నింపాలంటే 75,000 లీటర్లు కావాలి. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లయితే పన్నెండున్నర. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఏటా భూమిలోకి ఇంకే నీటికంటే బోర్లతో తోడే నీరే ఎక్కువ. అందుకే బెంగళూరు వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. భూగర్భ జలాలు పెరగడానికి ఇంత పాటు పడుతున్న చోట, ఒక బంగళా బోరు వేస్తే పక్క రైతు బోరు సంగతి ఎవరు అడగాలి?

రైతు సోదరులారా, ఎవరో వచ్చి మంచి ధర చెబితే తొందరపడకండి. మీకు ఊళ్ళో గట్టి ఇల్లు ఉంటే మీరే అతిథులను పెట్టుకోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వవచ్చు. యజమాని కుటుంబం మాత్రం అక్కడే ఉండాలి. శుభ్రమైన మరుగుదొడ్డి, దోమతెర, వేళకు భోజనం ఉంటే చాలు. రాగిముద్ద, ఊరుబిండి పెట్టండి. ద్రాక్ష పందిళ్ళు, చంద్రికల మీద పట్టుపురుగులు గూళ్ళు కట్టే తీరు చూపించండి. పట్నం పిల్లలకు ఈతకొలను కొత్త కాదు, ఇవే కొత్త.

సెలవులకు వెళ్ళే శ్రోతలకూ ఒక మనవి. అద్దె, గదులు అడిగినట్టే మరో మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఏం పండుతుంది? నీళ్ళు ఎక్కడివి? ఊరివాళ్ళు ఎందరు పనిచేస్తున్నారు? రాత్రి పది దాటాక పాటల పెట్టె ఆపేయండి. తెల్లవారుజామున పాలు పితకడానికి లేచేవాళ్ళు ఆ పక్కనే నిద్రపోతుంటారు.

అమ్మమ్మగారి ఇంట్లో ఉన్నప్పుడు బావిలో నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి తోడుకునేవాళ్ళం. అద్దె ఇంట్లోనూ అలాగే ఉందాం. సెలవు.