అరవై పేర్ల మస్టర్ రోల్
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో కాలక్షేపం" గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రామకోటి గురించో, పొద్దుటి నడక గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను మాత్రం ఒక కంప్యూటర్ ఆట గురించి మనవి చేస్తాను. నవ్వినా ఫరవాలేదు.

సెలవులకు వచ్చిన మా మనవరాలు, "తాతా, ఇది అచ్చం నీ ఉద్యోగమే" అంటూ నా ముందు పెట్టింది. పేరు 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్'. లూకస్ పోప్ అనే ఆయన తయారుచేసినది, 2018లో వచ్చింది. కథ 1807 నాటిది. దత్తమండలాల కలెక్టరు మన్రో దొర మన సీమ వదిలి ఇంగ్లండు వెళ్ళిన ఏడాదే. గల్లంతయిందనుకున్న ఓడ ఒకటి ప్రాణి లేకుండా ఇంగ్లండులోని ఫాల్మత్ రేవుకు కొట్టుకొస్తుంది. జాబితాలో అరవై పేర్లు. మనం ఈస్టిండియా కంపెనీ బీమా ఇన్‌స్పెక్టరు. ఎవరు ఎలా పోయారో పుస్తకంలో నమోదు చేయాలి. ఒక మాయ గడియారం ఇస్తారు. ఎముకల దగ్గర దాన్ని తెరిస్తే ఆ మనిషి ఆఖరి క్షణపు మాటలు, చప్పుళ్ళు వినిపిస్తాయి. ఆపైన ఆ క్షణం బొమ్మల కొలువులా కదలకుండా నిలబడుతుంది.

నన్ను పట్టేసింది ఆట నడిచే తీరు. కథ చివరినుంచి మొదలవుతుంది. ముందు చావు, తర్వాత కారణం. తొందరపెట్టే గడువు లేదు. ఆధారం చాలనంతవరకు పుస్తకంలో ఆ మనిషి ముఖం మసకగానే ఉంటుంది. "ఇంకా చూడు" అన్నమాట. ఊహించి రాసేద్దామంటే కుదరదు. మూడు నమోదులు సరిపోతే తప్ప ఒక్కటీ ఖాయం కాదు. ఒకేలా కనిపించే నావికులు నన్ను వారం రోజులు తిప్పలు పెట్టారు. తీరా చూస్తే వాళ్ళు పడుకునే ఊయలలకు జాబితాలోని నంబర్లే కట్టి ఉన్నాయి! ఎన్నోసార్లు చూసిన దృశ్యమే అది. నేనే గమనించలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఓడ కాదు. 1980లలో ఒక కరువు సంవత్సరం చెరువు పూడికతీత పనుల మస్టర్ రోల్ తనిఖీ నాకు అప్పగించారు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు రెండుసార్లు కనిపించింది. దొంగపేరని ఎర్రసిరాతో ఒకటి కొట్టేశాను. వాళ్ళు తోడికోడళ్ళు. పక్కనే రెండు వేలిముద్రలున్నాయి, రెండూ వేరు. చూడలేదు. సాయంత్రంలోగా కాగితం పైకి పోవాలన్న తొందర నాది. ఆమె వారం కూలి మళ్ళీ మంజూరు కావడానికి నెల పట్టింది. ఆ నెల ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో నేను అడగలేదు.

రోజుకో గంట చొప్పున ఆట ముగించడానికి నాకు నెలకు పైగా పట్టింది. మంచి చిక్కుముడి మన తెలివికి పరీక్ష అనుకునేవాణ్ణి. అది మన ఓపికకు పరీక్ష. ఆధారాన్ని కళ్ళెదుటే పెడుతుంది, చూసేదాకా కలం ఆపుతుంది. సర్వీసులో ఉండగా నా చెయ్యి అలా ఆపేవారెవరూ లేకపోయారు.