పేరు రాయని కాసెట్

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన దసరా సెలవులకు మా అన్నయ్య కూతురు జర్మనీ నుంచి నల్లగొండ వచ్చింది. దాని సూట్‌కేసులో సగం చోటు ఒక అట్టపెట్టే ఆక్రమించింది. చాక్లెట్లేమో అనుకున్నాం. తెరిచి చూస్తే నల్లగా నిగనిగలాడే ఎల్.పి. రికార్డులు! ఒకటి కాదు, అయిదు. వాటితోపాటు బొమ్మలున్న చిన్న పుస్తకం కూడా ఉంది. "ఇవన్నీ సింథసైజర్ పాటలు అత్తా! ఏరి ఒక్కచోట చేర్చి మళ్ళీ వేశారు" అంది.

మా మామగారు ఘంటసాల గారి భగవద్గీత వినడానికి కొనుక్కున్న రికార్డ్ ప్లేయర్ ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంది. పిల్ల దాన్ని హైదరాబాదు తీసుకుపోయి బాగుచేయించుకొచ్చింది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. పాట మొదలైంది. మా అత్తమ్మ కాసేపు విని, "గిదేం పాటనే బిడ్డా! డప్పు లేదు, తంబుర లేదు. కరెంటు కూస్తున్నట్టున్నది" అంది. అందరం నవ్వాం. కానీ చూడండి, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

వీణలో తీగ కదిలితే నాదం పుడుతుంది. డప్పులో తోలు కదిలితే మోత పుడుతుంది. సింథసైజర్‌లో తీగా లేదు, తోలూ లేదు. లోపల కరెంటే ఊగుతుంది. తొందరగా ఊగితే స్వరం హెచ్చుతుంది, మెల్లగా ఊగితే తగ్గుతుంది. అలా మొదట పుట్టిన ధ్వని జల్లించని పిండిలా ముతకగా ఉంటుంది. దాన్ని ఫిల్టర్ అనే జల్లెడలో పోసి, అక్కర్లేనిది తీసేసి, కావలసిన నాదాన్ని రాబడతారు. అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఆయన 1964లో ఇలాంటి యంత్రాన్ని సంగీతకారులకు చూపించాడు. పదేళ్ళు తిరిగేసరికి, 1974లో, జర్మనీలోని క్రాఫ్ట్‌వెర్క్ బృందం 'ఆటోబాన్' అనే పాట చేసింది. రహదారి మీద కారు ప్రయాణమే ఆ పాట. రికార్డుకు ఒక వైపంతా, ఇరవై రెండు నిమిషాలు, అదే సాగుతుంది. 1977లో డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్'లో ఆమె గొంతు తప్ప దాదాపు తక్కినదంతా యంత్రమే. మా పిల్ల తెచ్చిన పెట్టెలో ఇవన్నీ ఉన్నాయి.

"అవన్నీ దొరల పాటలు, మనకెందుకు?" అంటారేమో. ఒక్క సంగతి చెబుతాను. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు పాము పాట అందుకుంటే కుర్రాళ్ళు పడగ విప్పినట్టు చేతులు పెట్టి ఆడతారు కదా! ఆ బాణీ 1954లో వచ్చిన హిందీ 'నాగిన్' సినిమాది. సంగీతం హేమంత్ కుమార్. అందులో వినిపించేది పాములవాడి నాగస్వరమని మనమంతా అనుకుంటాం. కాదు! క్లావియోలిన్ అనే కరెంటు వాద్యం మీద కల్యాణ్‌జీ వాయిస్తే, రవి హార్మోనియం కలిపారు. అంటే ఎలక్ట్రానిక్ సంగీతానికి మనం డెబ్బై ఏళ్ళుగా ఆడుతూనే ఉన్నామన్నమాట. 1986లో కృష్ణ గారి 'సింహాసనం' వచ్చింది, 1991లో 'గ్యాంగ్ లీడర్' వచ్చింది. రెండింటికీ బప్పీలహరి సంగీతం. ఆ మోతకు మనలో కాలు కదపని వాళ్ళెవరు?

సరే, అసలు సంగతికి వస్తాను. పాటలు రెండు మూడు అయ్యాక మా అత్తమ్మ ఒక ప్రశ్న వేసింది. "మంచిగనే ఉన్నది గాని, వాయించింది ఎవలు?"

ఆవిడది అచ్చంపేట దిక్కు. చిన్నప్పుడు కిన్నెర విన్న మనిషి. సొరబుర్రలు, వెదురు, తేనెమైనంతో చేసుకున్న కిన్నెర పట్టుకొని కళాకారుడు ఊళ్ళోకి వస్తే, ఆయన పేరేమిటో, ఏ ఊరివాడో అందరికీ తెలిసేది. వెనకటి పాలమూరు జిల్లాలోదే అయిన నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందంటే, ఆ వాద్యంతోపాటు ఆయన పేరు కూడా దేశానికి తెలిసిందన్నమాట. అందుకే ఆవిడకు పాట వినగానే మనిషెవరో తెలియాలి. మా పిల్ల పెట్టెలోని పుస్తకం తీసి ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ యంత్రం వాడారు, ఏ ఏడు, అన్నీ చదివి వినిపించింది. అప్పుడు నాకనిపించింది. ఆ పెట్టెలో రికార్డుల విలువ ఎంతో, ఆ పుస్తకం విలువా అంతే.

పేరు పోతే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండులో డీలియా డెర్బీషైర్ అనే ఆవిడ బి.బి.సి.లో పనిచేసేది. 'డాక్టర్ హూ' అనే టెలివిజన్ ధారావాహికకు రాన్ గ్రైనర్ రాసిచ్చిన బాణీని, 1963లో, ఒక్కొక్క ధ్వనీ టేపు మీద తయారుచేసి, కత్తిరించి అతికించి ఆవిడ సంగీతంగా మలిచింది. అది విని ఆయనే ఆశ్చర్యపోయి, ఆవిడ పేరు కూడా వేయమన్నాడట. సంస్థ నిబంధనలు ఒప్పుకోలేదు. ఆవిడ 2001లో కన్నుమూసింది. అటక మీద అట్టపెట్టెల్లో 267 టేపులు దొరికాయి. తెర మీద ఆవిడ పేరు పడింది ఎప్పుడనుకున్నారు? 2013లో! అప్పటికి యాభై ఏళ్ళు గడిచిపోయాయి.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్ పెట్టారు. దాని మీద పనిచేసిన వాళ్ళలో గీతా సారాభాయి ఒకరు. ఆవిడ పఖావజ్ నేర్చిన విదుషి. అంతకుముందే, 1946లో, న్యూయార్కులో జాన్ కేజ్ అనే అమెరికా స్వరకర్తకు మన సంగీతం నేర్పారు. అహ్మదాబాదు టేపులు దశాబ్దాలపాటు అలమరల్లో పడి ఉన్నాయి. పాల్ పర్గాస్ అనే కళాకారుడు వాటిని వెలికితీశాక, 2023లో ఎల్.పి. రికార్డులుగా వచ్చాయి. బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జిత్ సింగ్ కథా ఇంతే. 1982లో పది రాగాలను సింథసైజర్ల మీద డిస్కో తాళానికి వాయించి రికార్డు చేశాడు. మన మోహనకు దగ్గరి భూపాలీ, మన హిందోళమే అయిన మాల్‌కౌన్స్ అందులో ఉన్నాయి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. అయిదేళ్ళకు, 1987లో, షికాగో కుర్రవాళ్ళు అలాంటి యంత్రంతోనే చేసిన పాటలు లోకమంతా మోగాయి. ఇతని రికార్డు ఒక డచ్చి దేశస్థుడి చేతిలో పడి, 2010లో మళ్ళీ వెలువడింది. అదృష్టవశాత్తు దాని అట్ట మీద పేరుంది.

ఇక నా తప్పు నేను చెప్పుకుంటాను.

మా అమ్మమ్మది కల్వకుర్తి దగ్గరి పల్లె. బతుకమ్మ పాటలు, ఇసుర్రాయి పాటలు ఆవిడ నోట్లో ఊరేవి. 1983లో మా మేనమామ దుబాయి నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. ఒకనాడు అమ్మమ్మను జొన్నలు విసురుతుండగా పాడమని కాసెట్ నిండా పట్టాడు. కాసెట్ మీద మాత్రం ఏమీ రాయలేదు. "మనింటిదే కదా, మనకు తెలీదా" అనుకున్నాం.

మూడేళ్ళ తర్వాత, నేను పదో తరగతిలో ఉండగా, 'సింహాసనం' పాటల పిచ్చి పట్టుకుంది. రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి, చేతికి దొరికిన కాసెట్ వేసి, మీట నొక్కేశాను. ఖాళీ కాసెట్టే అనుకున్నాను. మర్నాడు తెలిసింది. మా అమ్మ నన్నేమీ అనలేదు. "మళ్ళొకసారి పాడించుకుందాంలే" అంది. పరీక్షలు, పెళ్ళిళ్ళు, పొలం పనులు. ఆ మళ్ళొకసారి రానేలేదు. 1991లో అమ్మమ్మ పోయింది. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్ళాక అమ్మ వచ్చి, "ఆ కాసెట్ల ఏమన్న మిగిలిందా?" అని అడిగింది. నాకు తల ఎత్తడానికి ముఖం లేకపోయింది.

పెట్టి చూశాం. రెండు వైపులా డిస్కో మోత. ఒక వైపు చివర, పాట అయిపోయాక, అర నిమిషం మాత్రం ఇసుర్రాయి చప్పుడు, "అయిపోయిందా బిడ్డా?" అన్న అమ్మమ్మ గొంతు మిగిలాయి. ఆ పాటలను నేను తప్పుపట్టను. ఇప్పటికీ ఇష్టంగానే వింటాను. తప్పు పేరు రాయకపోవడంలో ఉంది.

అందుకని అక్కచెల్లెళ్ళకు నాలుగు మాటలు చెబుతాను.

ఇంట్లో పాత కాసెట్లుంటే పాత సామానువాడికి ఇచ్చేముందు ఒక్కసారి పెట్టి వినండి. కాసెట్ వెనక అంచున రెండు చిన్న చెవులుంటాయి. అవి విరిచేస్తే రికార్డు మీట నొక్కుకోదు, ఉన్నది చెరగదు. ఈ సంగతి ఆనాడు నాకు తెలిసి ఉంటే! విన్నదాన్ని ఫోనులోనో కంప్యూటర్లోనో ఎక్కించి, రెండు చోట్ల దాచండి.

రికార్డులైతే ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. మన పాలమూరు, నల్లగొండ ఎండలకు అటక మీద పెట్టినవి అప్పడాల్లా వంకర తిరుగుతాయి. చల్లని గదిలో ఉంచండి. అంచులు పట్టుకొని తీసి, మెత్తటి పొడిగుడ్డతో గీతల వెంబడే తుడవండి. పాతకాలపు 78 ప్లేటుకు వాడే ముల్లు ఎల్.పి.కి పనికిరాదు. పెడితే గీతలన్నీ పాడవుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, పైన పేరు రాయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ ఏడు. ఆ మూడు మాటలు చాలు.

మా పిల్ల తిరిగి వెళ్ళేముందు ఆ అర నిమిషం గొంతునూ కంప్యూటర్లోకి ఎక్కించింది. కింద ఏం రాయమంటావని అడిగింది. అమ్మమ్మ పేరు, ఊరు పేరు, 1983 అని నేనే కూర్చుని రాశాను. కాసెట్ చెవులు మా అత్తమ్మ విరిచింది.