చేప నెత్తుటిలో ఇనుప కాపలా

ఉత్తరాది నదుల శీలావతి చేప కొల్లేటి పరిసరాల చెరువులలో పెరిగి, మంచుగడ్డల నడుమ లారీలలో మళ్లీ కలకత్తాకు చేరుతున్నది. దారిలో కాదు, చెరువులోనే దానికి శత్రువు పొంచి ఉన్నది: ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా. ఒంటిపై పుండ్లు, ఉబ్బిన పొట్ట ఆ రోగ చిహ్నాలు.

ఈ సూక్ష్మజీవి వృద్ధి చెందడానికి ఇనుము కావాలి. చేప నెత్తుటిలో ఇనుమున్నది గాని, విడిగా దొరకదు. ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీను, ఒక్కొక్క అణువుకు 2 ఇనుప పరమాణువుల చొప్పున, దానిని పట్టి ఉంచుతుంది. మిగులును ఫెర్రిటిన్ తన గుల్లలో, సుమారు 4,500 పరమాణువుల వరకు, దాచుతుంది. కోటలోకి చొరబడిన శత్రువును పస్తు పెట్టడమన్నమాట! శత్రువూ అమాయకుడు కాడు. సిడెరోఫోర్లనే చిన్న అణువులను వదలి ఇనుమును గుంజుకొనజూస్తాడు. ఈ పెనుగులాటలో కిక్కిరిసిన చెరువు, తరిగిన ప్రాణవాయువు శత్రుపక్షమే వహిస్తాయి. రైతు చేయి మందుల సీసా వైపు పోయేదీ అప్పుడే. భువనేశ్వర్ చెంత కౌసల్యాగంగలోని కేంద్ర పరిశోధన సంస్థవారు మాత్రం ఈ రోగాన్ని తట్టుకొనే శీలావతి వంశాలను ఎంపికచేసే పనికి పూనుకొన్నారు.