సంతకం పెట్టే ముందు
(కోయిలకుంట్లలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లాయరును కాను. చదవకుండా సంతకం పెట్టి నష్టపోయినదాన్ని. ఆ అనుభవంతోనే మాట్లాడుతున్నాను.

నాపరాళ్లు పరిచిన మా మిద్దె మా నాయన సొంత కష్టంతో కట్టించింది. 1996లో ఆయన వీలునామా రాయకుండానే పోయినాడు. 2008లో అన్న, తమ్ముడు ఆ ఇల్లు అమ్మకానికి పెట్టినారు. కొనేవాళ్లు ఆడబిడ్డ సంతకం కూడా కావాలన్నారు. నన్ను పిలిపించింది అందుకే, భాగం ఇవ్వడానికి కాదు. "పొద్దు పోతావుంది, సంతకం పెట్టు చెల్లీ" అన్నాడు అన్న. పెట్టినాను. అమ్మ వేలిముద్ర వేసింది. అమ్మేవాళ్లందరికీ సొమ్ము పూర్తిగా ముట్టిందని అందులో రాసి ఉన్నట్టు తర్వాత తెలిసింది. మా ఇద్దరి చేతికీ పైసా రాలేదు. ఆపైన అమ్మ బతికినన్నాళ్లూ ఆర్నెల్లు ఒక కొడుకు దగ్గర, ఆర్నెల్లు ఇంకో కొడుకు దగ్గర పెట్టె మోసుకుని తిరిగింది. ఆ ఇంట్లో ఆమెకు నాలుగో వంతు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చట్టం ఏమంటోంది? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన భాగాలు. తండ్రి తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక భాగం. అయితే మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప, నివాసముండే ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడ వారసులకు ఉండేది కాదు. 2005 సవరణ ఆ 23వ సెక్షనును తీసేసింది. పిత్రార్జితంలో పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రం 1985లోనే హక్కు ఇచ్చింది. 2005లో పెళ్లయిన కూతుళ్లకూ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ముస్లిం కుటుంబాల్లో పంపకం వారి చట్టం ప్రకారం జరుగుతుంది. అక్కడా ఆడబిడ్డకు వాటా ఉంది.

కాబట్టి ఇల్లు అమ్మేటప్పుడు దస్తావేజు మొత్తం చదివించుకోండి. అది అమ్మకమా, హక్కు వదులుకునే కాయితమా అడగండి. మీ భాగం సొమ్ము మీ బ్యాంకు ఖాతాలో పడినాకే సంతకం పెట్టండి. ఒకసారి పెట్టినాక కోర్టుకెక్కి తిరగదోడడం చాలా కష్టం, ఖర్చు కూడా.

కొనేటప్పుడూ మన బాధ్యత ఉంది. ఈసీ తీయించండి, పాత లింకు దస్తావేజులు చూడండి, చెక్కుబంది ప్రకారం స్థలం కొలిపించండి. కానీ ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనపడతాయి. పక్కన పెట్టిన ఆడబిడ్డ కనపడదు. "మీ అక్కచెల్లెళ్లు ఎందరు? మీ అమ్మ ఉందా?" అని అడగండి. అందరి సంతకాలూ లేకపోతే రేపు వ్యాజ్యం మీ మెడకే చుట్టుకుంటుంది. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మీది కాదు, అమ్మకం దస్తావేజు రిజిస్టరు కావాలి. ఆ దస్తావేజులో మీ పేరు రాయించుకోండి. తర్వాత ఇంటి పన్నూ మీ పేరుకు మార్పించుకోండి.

అన్నదమ్ములతో తగవు పెట్టుకోమని చెప్పడం లేదు. భాగం ఇష్టంతో వదులుకుంటే అది మీ ఇష్టం. తెలియక వదులుకోవద్దు. ఈసారి సంతకానికి పిలిచినప్పుడు, కాయితం ముందురోజే ఇంటికి తెమ్మనండి.