వరద తీశాక గ్రంథాలయం

ఈ సభకు జిల్లాల నుంచి గ్రంథపాలకులు వచ్చారు. వారితో పాటు ఈసారి రికార్డు అసిస్టెంట్లను, అటెండర్లను, బైండర్లను ప్రత్యేకంగా పిలిపించారు. ఈ సభలో మాట్లాడుకోబోయే విషయంలో చివరి ముగ్గురిదే మొదటి వరుస.

1966 నవంబరు 4 తెల్లవారుజామున ఇటలీలోని ఫ్లోరెన్సు మీద ఆర్నో నది విరుచుకుపడింది. ఆ రోజు అక్కడ సైనిక దళాల దినం, సెలవు. ఆఫీసులకు తాళాలు పడి ఉన్నాయి. నది ఒడ్డునే, శాంతా క్రోచె చర్చి పక్కన ఉన్న జాతీయ కేంద్ర గ్రంథాలయంలో నేలమాళిగ, కింది అంతస్తు మునిగాయి. 12 లక్షలకు పైగా పుస్తకాలు, పత్రికలు, చిన్న ప్రతులు నీటిపాలయ్యాయి. 1714లో తన పుస్తకాలన్నీ నగరానికి రాసిచ్చి ఆ గ్రంథాలయానికి పునాది వేసిన ఆంతోనియో మాల్యబెకి సేకరణ కూడా వాటిలో ఉంది. చలికాలం ముంగిట ఇళ్లను వెచ్చబరిచే ఆయిలు ట్యాంకులు నిండుగా ఉన్నాయి. అవి పగిలి, ఆ నల్లటి నూనె బురదలో కలిసింది. పుస్తకాలకు అంటుకున్నది నదినీరు ఒక్కటే అయితే పని కొంత తేలికయ్యేది.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. దేశదేశాల విద్యార్థులు వచ్చారు. మెట్ల మీద వరుసగా నిలబడి, నేలమాళిగ నుంచి పైదాకా చేతులు మారుస్తూ పుస్తకాలు అందించుకున్నారు. ఇటలీ వారిని ‘బురద దేవదూతలు’ అని ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటుంది. ఆ గౌరవం వారికి తగినదే. అయితే విద్యార్థులు కొన్ని వారాలకు తిరిగి చదువులకు వెళ్లారు. గ్రంథాలయ సిబ్బంది వెళ్లలేదు. వాళ్లు వెళ్లడానికి వేరే చోటు లేదు. కొందరి ఇళ్లు కూడా ఆ నగరంలోనే, ఆ నీళ్లలోనే ఉన్నాయి. డైరెక్టరు ఎమాన్యుయేలె కాజమాసిమా బురద బట్టలతో సిబ్బంది మధ్యనే ఉండి పని నడిపించాడు. అట్ట ఊడి, పేరు చెరిగిన పుస్తకం చేతికొస్తే అది ఏ వరుసదో, దాని పక్కన ఏ సంపుటం ఉండేదో చెప్పగలిగింది ఏళ్ల తరబడి వాటిని తీసి, పెట్టి, దుమ్ము దులిపిన చేతులే. కేటలాగు కార్డులు కూడా నానిపోయిన చోట ఆ జ్ఞాపకమే కేటలాగు.

ఇక ఆరబెట్టడం. ఫ్లోరెన్సు రైల్వే స్టేషనులో వేడినీటి ప్లాంటు ఉన్న చోట పుస్తకాలు కడిగే ఏర్పాటు జరిగింది. తడి పుస్తకాలను లారీలకెత్తి పొగాకు ఆరబెట్టే కొట్టాలకు తోలారు. ఒంగోలు, కందుకూరు వైపు నుంచి వచ్చిన ప్రతినిధులకు ఈ మాట వినగానే కళ్ల ముందు మెదిలేది తమ ఊళ్ల పొగాకు బ్యారన్లే. ఆకు ఎండే చోట పుస్తకం ఎండింది. ఎక్కడ ఏముందో తెలిసిన స్థానికులు పక్కన లేకపోతే అలాంటి ఉపాయం ఎవరికి తడుతుంది? బ్రిటన్ నుంచి వచ్చిన పీటర్ వాటర్స్, ఆయన తోటి బైండర్లు స్థానికులకు పని నేర్పించారు. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు రాసి, విప్పడం, కడగడం, ఆరబెట్టడం, కుట్టడం మెట్టు మెట్టుగా సాగే పద్ధతి ఏర్పరచారు. వాటర్స్ తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరి, తడిసిన పుస్తకాలను కాపాడే పద్ధతుల మీద 1975లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. దాన్ని ముందు పెట్టుకుని పనిచేయని పరిరక్షకులు అరుదు. యాభై ఏళ్లు గడిచాక కూడా ఫ్లోరెన్సులో బాగుచేయాల్సిన పుస్తకాలు మిగిలే ఉన్నాయి.

ఫ్లోరెన్సు వరద వచ్చిన ముప్పయ్యొక్క ఏళ్లకు, 1997 జులై 28 రాత్రి, అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో కుంభవృష్టి కురిసింది. పట్టణం పడమటి అంచున రోజున్నర లోపే 14 అంగుళాలు దాటింది. అయిదుగురు చనిపోయారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయం అప్పుడే విస్తరణ పనులు ముగించుకుంటోంది. బయట చేరిన నీటి బరువుకు నేలమాళిగ గోడ కూలింది. బౌండు చేసిన పరిశోధన పత్రికలు అక్కడే ఉండేవి. నాలుగు లక్షలకు పైగా సంపుటాలు తడిశాయి. నానిన కాగితం ఉబ్బి పుస్తకాలు అరల్లోంచి తన్నుకుని కిందపడ్డాయి. నెల తిరక్కుండానే తరగతులు మొదలు కావాలి. గ్రంథాలయ అధిపతిగా కమీలా అలీరే బాధ్యత తీసుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు.

సిబ్బంది ఏం చేశారన్నది ఈ సభ నిదానంగా వినాలి. తమ దగ్గర పత్రికలు లేవు. ఆచార్యులకు, విద్యార్థులకు వ్యాసాలు కావాలి. ఇతర గ్రంథాలయాల నుంచి తెప్పించే విభాగంలో పనిచేసే కొద్దిమంది మీదే ఆ బరువంతా పడింది. పాత పద్ధతిలో ఒక్కొక్క కోరికకూ ఎవరి దగ్గర ఏముందో వెతికి, రాసి, ఎదురుచూస్తే రోజులు పడుతుంది. అందుకని ఏ గ్రంథాలయంలో ఏ పత్రిక ఏ సంవత్సరం నుంచి ఉందో ముందే ఒకచోట చేర్చి, కోరిక రాగానే అది ఉన్నచోటికి దానంతటదే వెళ్లే ఏర్పాటు రూపొందించారు. ‘ర్యాపిడ్ ఐఎల్ఎల్’ అని ఇప్పుడు వందల గ్రంథాలయాలు వాడుతున్న వ్యవస్థ అలా పుట్టింది. బయటి నిపుణుడి సలహాతో పుట్టలేదు. పని మీద పడి, తోవ దొరక్క, తామే తోవ వేసుకున్నవారి నుంచి పుట్టింది. ఆ అనుభవాన్ని ఆ గ్రంథాలయం వారే రాయగా, అలీరే సంపాదకత్వంలో 2000లో పుస్తకంగా వచ్చింది.

2004 అక్టోబరు 30న హవాయిలోని హోనొలులులో మనోవా వాగు పొంగి యూనివర్సిటీ గ్రంథాలయం కింది అంతస్తును ముంచింది. లోపల గ్రంథాలయ శాస్త్రం చదువుతున్న విద్యార్థులు కిటికీ పగలగొట్టుకుని బయటపడ్డారు. మ్యాపులు, ప్రభుత్వ పత్రాలతో పాటు కేటలాగింగు, కొనుగోళ్ల విభాగాల బల్లలన్నీ పోయాయి. పుస్తకం పోతే జాబితా రాస్తారు. ఇరవై ఏళ్లు కూర్చున్న బల్ల, దాని సొరుగులో చేత్తో రాసుకున్న నోట్సు, తోటివారితో టీ తాగిన మూల పోతే ఏ ఫారంలోనూ గడి ఉండదు. ఒక విభాగం మనుషుల్ని నాలుగు గదుల్లోకి చెదరగొడితే ఆ దిగులు రెట్టింపవుతుంది. పునర్నిర్మాణ ప్రణాళికలో దీనికి చోటు ఇవ్వకపోవడం పెద్ద లోపం. రోజూ ఉదయం అందర్నీ ఒకచోట చేర్చి పది నిమిషాలు మాట్లాడించడం, బురద పనిని వంతులవారీగా పంచడం, ఇల్లు మునిగినవారిని ముందు ఇంటికి పంపడం వంటి వాటికి ఖర్చేమీ లేదు.

తెలుగు నేలకు ఇది దూరపు సంగతి కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నిలిచింది. ఎన్నో శాఖా గ్రంథాలయాల్లో ఉన్నది ఒక్క మనిషే. ఒక్కరితో మెట్ల మీద వరుస కట్టడం కుదరదు. అందుకే ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ ముందుగానే పక్క శాఖలవారిని జట్లుగా కట్టాలని, ఆ జట్టులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికీ సమాన స్థానం ఉండాలని ఈ సభ తీర్మానించాలి.

మరొక పని కూడా ఉంది. మన ఉక్కలో తడి కాగితానికి రెండు రోజులు దాటకుండానే బూజు పడుతుంది. ఆరబెట్టడానికి మనుషులు చాలనప్పుడు పుస్తకాలను గడ్డకట్టించి కాలాన్ని ఆపడం ఒక్కటే దారి. హవాయిలో మ్యాపులకు ఆ పనిచేసింది రిఫ్రిజిరేటెడ్ కంటెయినర్లు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు చల్లబరుస్తాయి గానీ గడ్డకట్టించవు. భీమవరం, కాకినాడ, విశాఖ వైపు రొయ్యల ప్లాంట్లలో మైనస్ 18 డిగ్రీలకు దిగువన పనిచేసే ఫ్రీజర్లున్నాయి. ఆ ప్లాంటు మేనేజరుతో వానాకాలానికి ముందే మాట్లాడి పెట్టుకోవడం గ్రంథపాలకుడి పనుల్లో ఒకటి కావాలి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత వెనక వరండాలో నీళ్లు నింపిన తొట్లు ఉంటాయి. జాబితా నుంచి తొలగించిన పాత పుస్తకాలు రాత్రి నుంచీ వాటిలో నానుతున్నాయి. తెరవకుండా పైకి తీయడం, పిండకుండా నీరు ఓడనివ్వడం, వీపు కిందికి వచ్చేలా క్రేటులో పేర్చడం అక్కడ చేసి చూపిస్తారు. నునుపు కాగితం పుస్తకాలను విడిగా పెట్టారు. ఆరితే పేజీలు అట్టలా అతుక్కుపోతాయి కాబట్టి వాటి వంతే ముందు. తొట్ల దగ్గర మొదట అటెండర్లు, బైండర్లు నిలబడతారు. గ్రంథపాలకులు వారి వెనక నిలబడి నేర్చుకుంటారు.