రాగమా, రసమా?

మా ముదిగుబ్బ ప్రాంతము కరువు సీమ. అయినను వానలు ముఖము చాటుచేసిన యేట సైతము ఊరివారు చందాలు వేసికొని పద్యనాటకము ఆడింతురు. నోరు కట్టుకొని ఇచ్చిన సొమ్మది. కావున నాటకము బాగోగులను నిర్మొగమాటముగా చెప్పు హక్కు ప్రేక్షకునకు కలదు.

మాకు పడమరనున్న ధర్మవరమున 1853లో జన్మించిన రామకృష్ణమాచార్యులవారు తెలుగు నాటకమున పాటలు ప్రవేశపెట్టి, ఆంధ్ర నాటక పితామహులనిపించుకొనిరి. 1880లో తాడిపత్రిలో జన్మించిన వారి మేనల్లుడు బళ్ళారి రాఘవగారు మాత్రము నటనకు భావమే ప్రాణమనిరి. మేనమామ పాటకు, మేనల్లుని మాటకు నడుమ తగవు మా రంగస్థలములపై నేటికిని తీరలేదు.

నా మొగ్గు రాఘవగారి వైపే. లోహితుని శవముపై పడి విలపించు చంద్రమతి ఆలాపన సాగదీసినచో, మనము ఆ తల్లిని మరచి హార్మోనియమును విందుము. ఆపైన ‘వన్స్ మోర్’ అను కేక! పుత్రశోకమును మరియొకమారు పాడుమనుట ఎట్టి రసికత?

అట్లని రాగము వలదనను. అక్షరము రాని రైతు నోట తిరుపతి వేంకట కవుల పద్యము నిలిచినదన్నచో, అది రాగము చేసిన మేలే. రాగము బండి వంటిది. అర్థము అందులోని వేరుసెనగ మూట. బండి గజ్జెల మ్రోతకు మురిసి, మూట దారిలో జారిపోయినను గమనింపకున్న ఇల్లు చేరునది వట్టి బండియే.

నటుడు మన చప్పట్లను బట్టియే నేర్చును. కావున శ్రోతలారా, చేతులు కలుపుటకు ముందు ఆ పద్యము చెవికి సోకినదా, గుండెకు సోకినదా అని ఒక్క క్షణము విచారింతము.